మా తోటలో గోదారి

మా పార్కు ఎలా మొదలైందని ఎవరైనా అడిగితే మా ఆయన "అంతా ప్లాన్ ప్రకారం చేశామండి" అని చెబుతారు. నమ్మకండి. ప్లానూ లేదు, పాడూ లేదు. ఒక గూడు బండి, దాంట్లో కూర్చుని ఫొటో దిగుతానని అడిగిన ఒక పెళ్ళికూతురు, ఎవరేం అడిగినా కాదనలేని మా ఆయన నోరు, ఈ మూడూ కలిసి చేసిన పని అది. నేను పక్కనే ఉండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా కొబ్బరితోట నిడదవోలుకి కాస్త దూరంలో ఉంది. పెద్ద కాలువ నుంచి విడిపోయిన పంట బోదె దాన్ని ఆనుకుని పారుతుంది. తోట మా ఆయనకీ, ఆయన అన్నగారికీ ఉమ్మడి. అన్నగారంటే నాకు బావగారు. ఇళ్ళు ఎప్పుడో వేరయ్యాయి, పొలాలు పంచుకున్నారు, చివరికి అత్తగారి ఇత్తడి బిందెలు కూడా పంచుకున్నారు. తోట మాత్రం పంచుకోలేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పెద్ద తుఫానుకి పాత తోటలో సగానికి పైగా చెట్లు పడిపోయాయి. అన్నదమ్ములిద్దరూ మొక్కలు తెచ్చి, గోతులు తీసి మళ్ళీ నాటారు. బోదెలో నీళ్ళు లేని నెలల్లో బావగారు కావిడి భుజాన వేసుకుని ఊరిచివర బావి నుంచి నీళ్ళు మోసి మొక్కలకి పోశారు. ఆ కావిడి కాయ ఆయన కుడి భుజం మీద ఇప్పటికీ ఉంది. అలాంటి తోటని గీత గీసి పంచుకోవడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

బావగారి గురించి ఒక్కమాట చెబితే ఆయనెవరో మీకు తెలిసిపోతుంది. నా పెళ్ళైన ఏడాది అందరం కలిసి బట్టలు కొనడానికి రైల్లో రాజమండ్రి బయల్దేరాం. ఎవరో పెద్దమనిషి మా సీట్లో తువ్వాలు పరిచి కూర్చున్నాడు. బావగారు లేవమన్నారు, ఆయన లేవనన్నాడు. నిడదవోల్లో మొదలైన పోట్లాట కొవ్వూరుకి వచ్చేసరికి తాతముత్తాతల దాకా వెళ్ళింది. కొత్త కోడల్ని కదా, నేను తల దించుకుని కూర్చున్నాను. ఇంతలో రైలు వంతెన ఎక్కింది, చక్రాల చప్పుడు మారింది. అంతే, బావగారు తిడుతున్న తిట్టుని సగంలో ఆపేసి, జేబులోంచి నాణెం తీసి, కిటికీలోంచి గోదాట్లోకి విసిరి, రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నారు. ఆ పెద్దమనిషీ అదే పని చేశాడు. వంతెన దాటేదాకా ఇద్దరూ పక్కపక్కన దణ్ణం పెట్టుకుని నిలబడ్డారు. రైలు వంతెన దిగగానే బావగారు ఎక్కడ ఆపారో సరిగ్గా అక్కణ్ణించి మళ్ళీ అందుకున్నారు.

తోట బాగున్నన్నాళ్ళు మా అందరి బతుకూ బాగానే ఉంది. తర్వాత తెల్లదోమ పట్టింది. ఆకుల అడుగున తెల్లగా బూజులాంటిది, పైన వంటింటి గోడకి పట్టినట్టు నల్లటి మసి. కాయ చిన్నదైపోయింది. చెట్లెక్కి దింపు తీసేవాళ్ళు కూడా దొరకడం మానేశారు. కాయలు వాటంతటవి రాలి పడితే ఏరుకోవడమే. ఆ వేళకే చుట్టుపక్కల తోటలూ చేలూ ఒక్కొక్కటిగా చేపల చెరువులవుతున్నాయి. ముందు చెట్లు కొట్టేస్తారు, వేసవి రాగానే పొక్లెయిన్ దింపి తవ్వేస్తారు, ఆ మట్టితోనే గట్లు పోస్తారు. ఏటా కౌలు చేతికొస్తుంది, పని లేదు, పురుగు బెడద లేదు. కానీ చెరువు తవ్విన నేల మళ్ళీ తోట అవదు. ఆ సంగతి మా బావగారికీ తెలుసు. తెలిసే అన్నారు, "చచ్చిపోతున్న చెట్లని చూస్తూ కూర్చోలేనురా. ఇచ్చేద్దాం" అని.

మా ఆయన సరేననలేదు, వద్దనలేదు. అది ఆయన పద్ధతి. తోటలో పాక వేసి పాత సామాన్లు పోగెయ్యడం మొదలుపెట్టారు. ఊళ్ళో ఎవరు పాత ఇల్లు పడగొట్టినా ఈయన అక్కడ ప్రత్యక్షం. గూడు బండి, అడుగు ఊడిన పడవ, రోళ్ళు, కావిడి బద్దలు, ధాన్యం పోసుకునే గాదె. "మన తోట ఊరందరికీ అటకైపోయిందండీ" అని నేను అంటూనే ఉన్నాను, ఆయన తెస్తూనే ఉన్నారు. పడవకి అడుగు వేయించారు, బండికి రంగు వేయించారు. ఎందుకంటే చెప్పరు. ఆయనకీ తెలీదని నా అనుమానం.

అలాంటి రోజుల్లో ఒక కారు వచ్చి బోదె గట్టు మీద ఆగింది. పెళ్ళికి ముందే ఫొటోలు దిగడం ఇప్పుడొక వేడుక కదా. అమ్మాయీ అబ్బాయీ, వాళ్ళ వెంట కెమెరాలు, గొడుగులు. అమ్మాయి మా గూడు బండిని చూసి "అంకుల్, ఒక్క ఫొటో" అంది. మా ఆయన బండి తుడిచి, దాంట్లో గడ్డి పరిచి మరీ కూర్చోబెట్టారు. తర్వాత పడవలో కూర్చోబెట్టారు. నేను వాళ్ళందరికీ కాఫీలు పెట్టాను. ఆ ఫొటోలు ఫోన్లలో తిరిగాయి కాబోలు, ఆ నెలలోనే ఇంకో జంట, దాని వెనక ఇంకో జంట. కొన్నాళ్ళకి పెళ్ళి ఊసే లేని కుటుంబాలు కూడా పిల్లల్ని వేసుకుని రావడం మొదలుపెట్టాయి. అందరికీ కాఫీలే. ఒక ఆదివారం పాలు విరిగిపోయి, నడుం పట్టేసి, నాకు ఒళ్ళు మండింది. "టికెట్టన్నా పెట్టండి, కాఫీలన్నా మానిపించండి" అన్నాను. ఆయన టికెట్టు పెట్టారు. కాఫీలు మానలేదు. మా పార్కు పుట్టింది అలా.

ఆ తర్వాత అది పెరగడం మా చేతుల్లో లేకుండా పోయింది. పెద్ద పెద్ద ఉయ్యాలలు వచ్చాయి, ఎడ్లబండి మీద తోట చుట్టూ తిప్పడం వచ్చింది. పెద్దాపురం జాతరలో తిప్పే చిన్న రంగులరాట్నాన్ని దాని యజమాని మాకు అప్పజెప్పాడు. కర్ర గుర్రాలకి చెవులు లేకపోయినా పిల్లలకి పట్టలేదు. ఆత్రేయపురం నుంచి ఒకావిడ వచ్చి, బోర్లించిన కుండ మీద పూతరేకులు తీసి చూపించేది. జనం నోరు తెరుచుకుని నిలబడేవారు. గేటు దగ్గర సిమెంటు రైతు బొమ్మ ఒకటి పెట్టించాం. ఆ బొమ్మలు చేసే ఆయన ఏ లోకంలో ఉండి చేశాడో గానీ దాని మీసం అచ్చం మా బావగారి మీసంలా వచ్చింది. ఊరంతా వచ్చి చూసి నవ్వింది. బావగారు ఆ ఏడాది సంక్రాంతి దాకా మా గేటు వైపు రాలేదు. బోర్డు మీద పశ్చిమ గోదావరి జిల్లా అని రాయించిన కొన్నాళ్ళకే జిల్లాలు మార్చారు. మేం కూర్చున్నచోట నుంచి కదలకుండానే తూర్పు గోదావరి వాళ్ళమైపోయాం. బోర్డు మళ్ళీ రాయించాం.

పని నాకూ ఆయనకీ మించిపోయాక, విశాఖపట్నంలో ఏదో రిసార్టులో పనిచేసిన ఒకావిడని మేనేజరుగా పెట్టుకున్నాం. నలభై ఏళ్ళ మనిషి, చురుకైనది. వచ్చిన మర్నాడే తోటంతా తిరిగి మా ఆయన్ని అడిగింది.

"సార్, మన థీమ్ ఏంటండి?"

"థీమంటే?"

"అంటే... ఇక్కడికి వచ్చినవాళ్ళు ఏం చూశామని చెప్పుకోవాలండి?"

"గోదావరి చూశామని చెప్పుకుంటారమ్మా. బోర్డు మీద రాశాంగా."

ఆవిడ మర్యాదగానే అంది, "బండి ఉందండి, రోలుందండి, రైతున్నాడండి. ఇందులో గోదావరి ఎక్కడుందండి?"

మా ఆయన ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. వారం తిరక్కుండా తోట మధ్యలో, చెట్లు పడిపోయిన ఖాళీ జాగాలో పెద్ద గుంట తవ్వించారు. నేను హడలిపోయి, "చెరువు మీరే తవ్వేస్తున్నారేంటండీ?" అన్నాను. చెరువు కాదట, గోదారట. నిడదవోల్లో ఇనప పని చేసేవాళ్ళతో దాని మీద వంతెన కట్టించారు, కమానులతో సహా, రాజమండ్రి వంతెన ఎలా ఉంటుందో అలాగే. కాలేజీ రోజుల్లో ఆయన రోజూ రైల్లో గోదారి దాటి చదువుకున్నారు. అప్పటికి ఆ కమానుల వంతెన లేదు. "మనం వెళ్ళినప్పుడు ఈ విల్లులెక్కడియ్యిరా?" అని బావగారు దూరం నుంచే వెక్కిరించారు. ఎక్కడో మూతపడిన ఎగ్జిబిషన్ నుంచి పిల్లల రైలు తెచ్చి, స్టేషన్ పాక దగ్గర ఎక్కి వంతెన మీదుగా వెనక తోటలోకి వెళ్ళి వచ్చేట్టు పట్టాలు వేయించారు. బోదె నుంచి గుంటలోకి తూము పెట్టించారు. "విజ్జేశ్వరం దగ్గర గోదాట్లోంచి కాలువలోకి వచ్చిన నీళ్ళే కదా ఇవి. మరి ఇది గోదారి కాకపోతే ఇంకేంటి?" అన్నారు.

రైలు నడిచిన మొదటి రోజుల్లోనే ఒక విచిత్రం జరిగింది. కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మనవలతో రైలెక్కింది. చక్రాలు ఇనప వంతెన మీదికి రాగానే చప్పుడు మారింది. ఆవిడ గబగబా కొంగు ముడి విప్పి, నాణెం తీసి నీళ్ళల్లోకి విసిరి, దణ్ణం పెట్టుకుంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వేసి, "అలవాటమ్మా, చెయ్యి ఆగదు" అంది. ఆ తర్వాత ఎవరో ఒకరు వేస్తూనే ఉన్నారు. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు, సొంత కూతురికి పెళ్ళి సంబంధం కుదిరినట్టు వెలిగిపోయింది. ఆ నాణేల్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. బావగారు మాత్రం "బాతులు ఈదే గుంటలో డబ్బులేసేవాళ్ళని ఏమనాలి, వేయించుకునేవాణ్ణి ఏమనాలి" అన్నారు. అని, చెరువు సంగతి మళ్ళీ ఎత్తారు.

ఆయన ఎత్తడంలో తప్పు లేదు. పార్కుకి జనం వస్తున్నారు గానీ, మా మర్యాదలే మమ్మల్ని ముంచేస్తున్నాయి. మా దగ్గర పనిచేసేవాళ్ళంతా ఈ చుట్టుపక్కల వాళ్ళే. వేళ మించిపోయాక ఎవరైనా వెళ్తుంటే "అయ్యో, భోంచేసి వెళ్దురుగాని" అనకుండా ఉండలేరు. బండి తోలే అతనూ అంటాడు, టికెట్లిచ్చే అమ్మాయీ అంటుంది, నేనైతే సరేసరి. మా వాళ్ళకైతే అది ఒక పలకరింపని తెలుసు, "ఉండనివ్వండి, మరోసారి" అని వెళ్ళిపోతారు. హైదరాబాదు నుంచి ఒకసారి రెండు బస్సుల్లో జనం వచ్చారు. గేటు దగ్గర ఒకరు, ఉయ్యాల దగ్గర ఒకరు, రైలు దగ్గర ఒకరు భోంచేసి వెళ్ళమనేసరికి, టికెట్లో భోజనం కూడా ఉందనుకుని రెండు బస్సుల వాళ్ళూ వచ్చి పాకలో బారుగా కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళని లేవండని ఎలా అంటాం? ఊళ్ళో పెళ్ళికి వండుతున్న వంటవాళ్ళ దగ్గరికి పరిగెత్తి అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు తెప్పించి వడ్డించాం. ఆ రోజు నేను తినలేదు. మేనేజరు మర్నాడు అందర్నీ నిలబెట్టి, ఆ మాట ఇక ఎవరూ అనకూడదని గట్టిగా చెప్పింది. అందరూ "ఆయ్, అలాగేనండి" అన్నారు. బండి తోలే అతను మాత్రం "మరి మీరు భోంచేశారాండీ?" అని ఆవిణ్ణే అడిగాడు.

అన్నం పెట్టడంలో మా వైపు ఇంకో మర్యాద ఉంది, అదీ చెప్పాలి. ఎవరైనా పని మీద ఇంటికి వస్తే, ఆ పని జరిగేదైతే కాఫీతో సరిపెడతాం. పిల్లనివ్వడం ఇష్టం లేకపోతేనో, పొలం అమ్మే ఉద్దేశం లేకపోతేనో మాత్రం, ఆ వచ్చినవాడికి ముందు కడుపునిండా అన్నం పెట్టి, చెయ్యి కడిగాక నెమ్మదిగా కుదరదని చెబుతాం. మా అత్తగారు దీన్ని బాగా పాటించేవారు. కడుపు నిండినవాడికి కోపం సగమే వస్తుందని ఆవిడ నమ్మకం.

ఫాల్గుణంలో చెరువులు చేసే ఆయన ఒకరు భీమవరం వైపు నుంచి బావగారింటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను, మా తోటికోడలికి ఒంట్లో బాగోలేక చూడ్డానికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. బావగారు ఆయనకి కాఫీ ఇప్పించారు. మిట్టమధ్యాహ్నం అయింది. భోజనానికి ఉండమనలేదు. పని జరిగేట్టే ఉందని నాకు అర్థమైపోయింది.

ఆ సాయంత్రమే బావగారు మా ఆయన్ని పిలిచి తేల్చి చెప్పారు. "ఈ వేసవి చూస్తాను. సెలవుల్లో జనం వచ్చి నీ పార్కు నిలబడిందా, నీ ఇష్టం. లేదంటే కాలువలకి నీళ్ళు వదిలిన రోజున ఆయనకి మాటిచ్చేస్తాను. ఏడాదిలో చెట్లు కొట్టేసుకుంటారు, వచ్చే వేసవికి తవ్వేస్తారు." మా ఆయన తలూపి వచ్చేశారు. మా ఇంట్లో కౌళ్ళన్నీ ఎప్పుడూ కాలువలు వదిలే రోజునే తేలేవి. ఈసారి తోటే తేలాల్సి వచ్చింది.

వేసవి వచ్చింది, మాకు శని పట్టింది. మా గోదారి జిల్లాల్లో పుట్టినవాళ్ళకెవరికైనా తెలుసు, ఎండాకాలం కాలువలకి నీళ్ళు కట్టేస్తారు. పూడిక తీస్తారు, గట్లు బాగు చేస్తారు. మా ఆయనకి తెలీదా? ఊహ తెలిసినప్పట్నించీ చూస్తున్నారు. అయినా గోదారి తవ్వించేటప్పుడు ఆ సంగతి ఆయనకి తట్టనే లేదు. కాలువ కట్టేశారు, బోదె ఎండిపోయింది, ఇసక నేల కావడంతో గుంటలో నీళ్ళు వారం కూడా నిలవలేదు. పిల్లలకి సెలవులిచ్చి, జనం వచ్చే వేళకి మా గోదారి అడుగు తేలి, ఇసకలో నాణేలు మెరుస్తూ ఉంది. వంతెన మీద రైలు మాత్రం కూత వేసుకుంటూ తిరుగుతోంది.

"బోరు ఉంది కదండీ, వేసేద్దాం" అంది మేనేజరు.

"బోరు నీళ్ళు గోదారెలా అవుతాయమ్మా?" అన్నారు మా ఆయన.

"చూసేవాళ్ళకి ఏం తెలుస్తుందండి?"

"వాళ్ళు దణ్ణం పెడుతున్నారమ్మా. బోరుకి దణ్ణం పెట్టించమంటావా?"

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. తోట పోతోంది, మాట పట్టింపు ముఖ్యమైపోయింది ఈయనకి. "దేవుడికి అభిషేకం కూడా కుళాయి నీళ్ళతోనే చేస్తున్నారండీ ఇప్పుడు" అన్నాను. "చెట్లు కొట్టేశాక మీ పట్టుదలకి ఏ నీళ్ళు పోస్తారో నేనూ చూస్తాను" అన్నాను. నేను కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు, అన్నం పళ్ళెం పెట్టి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన ఇంకేం చేశారనుకున్నారు? వంతెన దగ్గర చేత్తో ఒక బోర్డు రాసి తగిలించారు. "కాలువలు కట్టివేసినందున గోదావరి ప్రస్తుతం లేదు. వదిలిన వెంటనే వచ్చును." వచ్చినవాళ్ళు గోదారిని వదిలేసి ఆ బోర్డు దగ్గర ఫొటోలు దిగి పోయారు. కానీ వచ్చినవాళ్ళే తక్కువ. ఎండలకి తోటలో కూడా వడగాలి కొట్టింది. మేనేజరు ముఖంలో నవ్వు పోయింది. పూతరేకులావిడ పెళ్ళిళ్ళ పనుంది, మళ్ళీ వస్తానని వెళ్ళింది.

ఒకరోజు చెరువులాయన టేపు పట్టుకుని వచ్చారు. పొరుగున చెరువు గట్టు మీద నుంచి దిగి, మా వెనక తోట కొలుచుకున్నారు. మంచి మనిషే, నన్ను చూసి నమస్కారం పెట్టారు. పోతూ పోతూ తుఫాను తర్వాత మేం వేసిన చెట్లలో ఒకదాన్ని అరచేత్తో చరిచి చూశారు, సంతలో ఎద్దుని చరిచినట్టు. నేను పాకలోకి వెళ్ళి ఏడ్చాను. ఏడుపొచ్చిందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆ చెట్లకి నేను కూడా నీళ్ళు పోశాను.

జూన్‌లో విజ్జేశ్వరం దగ్గర నీళ్ళు వదిలారని కబురొచ్చింది. మర్నాడు పొద్దున్న మా ఆయన పలుగు పట్టుకుని తూము దగ్గర కూర్చున్నారు. కాసేపటికి బోదెలో ముందు ఎండుటాకులు కదిలాయి, తర్వాత నురగ, పుల్లలు, వాటి వెనక నీళ్ళు. ఆయన తూము ఎత్తారు. ఏడాదంతా చూసే నీళ్ళే, అయినా మొదటిరోజు వచ్చినప్పుడు చూడాలనిపిస్తుంది. నేను కోపం మర్చిపోయి పసుపు, కుంకుమ తెచ్చి నీళ్ళల్లో వేశాను. మధ్యాహ్నానికి గుంట నిండింది. నిండటమేంటి, ఈయన తూము దించడం మర్చిపోతే దారి మీదికి పొర్లి, వెనక తోటకి వెళ్ళే బాటంతా మోకాలి లోతు బురదైపోయింది.

సరిగ్గా అప్పుడు బావగారు వచ్చారు. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. సిమెంటు రైతు వైపు చూడకుండా గేటు దాటారు. "చెరువులాయన వస్తున్నాడు. వెనక చెట్లెన్నున్నాయో చూసుకోవాలి, పద" అన్నారు తమ్ముడితో. బాట చూసి ఆగిపోయారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఆ బురదలో దిగలేరు.

"రైలెక్కు అన్నయ్యా. అవతల దింపుతాను" అన్నారు మా ఆయన.

"ఈ వయసులో నన్ను పిల్లల రైలెక్కిస్తావా?"

"మరి ఎలా వెళ్తావు?"

బావగారు నా వైపు చూశారు. "నవ్వావంటే ఊరుకోను అమ్మాయ్" అన్నారు. నేను నవ్వలేదు, నవ్వే స్థితిలో లేను. ఆయన మోకాళ్ళు ముడుచుకుని చిన్న పెట్టెలో ఇరుక్కుని కూర్చున్నారు. వెనక పెట్టెలో మా ఆయనా నేనూ కూర్చున్నాం. నడిపే కుర్రాడు రైలు కదిలించగానే బావగారు వెనక్కి తిరక్కుండానే మాట్లాడటం మొదలుపెట్టారు. "చూడరా, నీకు చెప్పలేదనద్దు. చూస్తానన్నాను, చూశాను. జనం లేరు, నీళ్ళు లేవు, బోర్డు రాసి నవ్వులపాలయ్యావు. ఇప్పుడు ఆయన రాగానే నేను మాటిచ్చేస్తాను. ముందు ఈ వరస కొట్టేసుకుని, తర్వాత..."

రైలు వంతెన ఎక్కింది. చక్రాల చప్పుడు మారింది.

బావగారి మాట ఆగిపోయింది. కుడిచెయ్యి దానంతటది జేబులోకి వెళ్ళింది. నాణెం నీళ్ళల్లో పడిన చప్పుడు నాకు వినపడింది. రెండు చేతులూ జోడించబోయి, మధ్యలో ఆగి, కిందికి చూశారు. వంతెన చిన్నది కదా, రైలు అప్పటికే సగం దాటింది. అప్పుడు మొదటిసారి వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూశారు.

"ఇవి బోరు నీళ్ళా?"

"కాదన్నయ్యా. కాలువ నీళ్ళే. పొద్దున్నే వచ్చాయి."

"నిజం చెప్పు."

"బోరు వెయ్యలేదన్నయ్యా. ఎండాకాలమంతా ఎండబెట్టాను గానీ వెయ్యలేదు. దీన్ని అడుగు, నాతో మాట్లాడటం కూడా మానేసింది."

నేను అవునన్నట్టు తలూపాను.

బావగారు ముందుకి తిరిగి, ఆపిన చేతులు పూర్తిగా జోడించి, కళ్ళు మూసుకున్నారు. రైలు వంతెన దిగి వెనక తోటలోకి వెళ్ళింది. తుఫాను తర్వాత ఆయన నీళ్ళు మోసి పెంచిన చెట్లు రెండు పక్కలా ఉన్నాయి. ఆయన చెట్లు లెక్కపెడతారని చూశాను. పెట్టలేదు. ఎక్కడ ఆపారో అక్కణ్ణించి మళ్ళీ అందుకుంటారని చూశాను. అందుకోలేదు. ఆయన అవతల దిగలేదు, రైలు తిరిగి స్టేషన్ పాక దగ్గరికి వచ్చింది. దిగేటప్పుడు మోకాళ్ళు పట్టుకుని, "పెట్టెలు కొంచెం పెద్దవి చేయించరా" అన్నారు.

చెరువులాయన గేటు దగ్గర బండి ఆపి లోపలికి వస్తున్నారు. బావగారు ఎదురెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"రండి రండి. ఎండన పడి వచ్చారు. భోంచేసి వెళ్దురుగాని" అన్నారు.

మా ఆయన నా వైపు చూశారు. నేను పాకలోకి వెళ్ళి ఎసట్లో మరో మనిషికి సరిపడా బియ్యం పోశాను.